చురకయ్య ఎక్కితే కదలని బండి

ఆ ఫుట్‌బాల్ గ్రౌండులో చురకయ్య అసలు పేరు తెలిసినవాళ్ళు ఇద్దరే. ఒకరు జీతాల గుమాస్తా, ఇంకొకరు అతని భార్య. మిగతా ప్రపంచానికి అతను చురకయ్యే. ఎవరైనా దాహమని అడిగితే మంచినీళ్ళిస్తాడు గానీ, గ్లాసుతో పాటు ఒక చురక కూడా అంటించి ఇస్తాడు. అది తాగినవాడికి నీళ్ళు దిగుతాయి, మాట మాత్రం గొంతులోనే ఉండిపోతుంది.

గ్రౌండులో గడ్డి పెంచడం, కొయ్యడం, గీతలు గియ్యడం అతని పని. కూర్చుని నడిపే గడ్డి కోసే బండి ఒకటుంది. ముందు చిన్న ఇంజను, కింద బ్లేడ్లు, మధ్యలో ఒక సీటు. గ్రౌండులో ఉన్న మనుషులందరికీ చురకయ్య పేర్లు పెట్టాడు. ఆ బండికి మాత్రం పెట్టలేదు. దాన్ని "బండి" అనే అనేవాడు, అదీ కాస్త మర్యాదగా. కుర్రతనంలో నీటి పంపులు బాగుచేసే షెడ్డులో పని నేర్చుకున్నాడు. ఇంజను అబద్ధం చెప్పదనీ, నోరున్న ప్రతిదీ చెబుతుందనీ అతనికి అక్కడే నమ్మకం కుదిరింది.

ఆ నమ్మకం ఎంత గట్టిదంటే, పెళ్ళయిన రోజు కొత్త దంపతుల్ని ఎక్కించుకున్న కారు బయల్దేరనని మొరాయిస్తే, డ్రైవరును "నువ్వు హారన్ కొట్టడానికి పుట్టావు, పక్కకి జరుగు" అని దింపేసి, పట్టు చొక్కాతోనే బానెట్లో తల దూర్చాడు. కారు కదిలింది. పెళ్ళికూతురి చీర మీద అయిదు నల్లటి వేళ్ళ ముద్ర పడింది. ఆ చీర ఇప్పటికీ ఆవిడ పెట్టెలో ఉంది. "నన్ను చూసుకోవడం కంటే ముందు ఇంజన్ని చూసుకున్న మహానుభావుడు" అని ఆవిడ అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెబుతుంది.

ఆవిడ తమ్ముడు గ్రౌండు గేటు దగ్గర కాపలా. ఆ ఉద్యోగం చురకయ్య వేయించిందే. భార్య పోరు పడలేక వేయించాడు, అందుకని ఆ కోపం బావమరిది మీద చూపించాడు. మనిషి భారీగా ఉంటాడు, నెమ్మదస్తుడు. కుర్చీలో కూర్చుంటే కుర్చీ కనపడదు. చురకయ్య వాడికి "బస్తా" అని పేరు పెట్టాడు. "ఎక్కడ దింపితే అక్కడే ఉంటాడు, అందుకే గేటుకి పనికొచ్చాడు" అనేవాడు. బస్తా నవ్వేవాడు. అలా నవ్వడం చురకయ్యకి మరీ మంట.

ఇక గ్రౌండు సెక్రటరీ. చినుకు పడితే అయ్యబాబోయ్, ఎండ కాస్తే అయ్యబాబోయ్. అందుకని ఆయన పేరూ అదే. "అయ్యబాబోయ్ సారు వస్తున్నారు, ఎవరూ గట్టిగా దగ్గకండి, హడలిపోతారు" అనేవాడు చురకయ్య.

ఆ ఏడు వానలు ముందే పడ్డాయి. గడ్డి పోటీలు పడి పెరిగింది. వచ్చే ఆదివారం ఫైనల్ మ్యాచ్. అలాంటి సమయంలో బండి పేచీలు మొదలుపెట్టింది. చక్కగా నడుస్తూ నడుస్తూ చిన్న గుంతలో చక్రం పడితే ఠక్కున ఆగిపోయేది. మళ్ళీ తాళం తిప్పితే ఒకసారి అందుకునేది, ఒకసారి మొండికేసేది. పెట్రోల్లో నీళ్ళు కలిశాయని తేల్చేశాడు చురకయ్య. డబ్బా పట్టుకుని పెట్రోలు బంకుకి వెళ్ళి, "నువ్వు అమ్మేది పెట్రోలా, పొలాలకి పెట్టే నీళ్ళా?" అని నలుగురి ముందూ కడిగేసి వచ్చాడు. బంకువాడు నోరు తెరిచేలోపే వెనక్కి తిరిగాడు. ఎదుటివాడి జవాబు వినే అలవాటు అతనికి మొదటినుంచీ లేదు.

ఇంట్లో పేచీ వేరుగా ఉంది. కొన్ని నెలలుగా అతను చిక్కిపోతున్నాడు. చొక్కా భుజాల మీంచి జారుతోంది. బెల్టుకి మేకుతో కొత్త చిల్లులు పొడుచుకున్నాడు. చెంబులకి చెంబులు నీళ్ళు తాగుతున్నాడు.

"ఏవండీ, ఒకసారి డాక్టరుకి చూపించుకోండి. దవడలు లోపలికి పోయాయి" అంది భార్య.

"లావుగా ఉన్నప్పుడు కొండ అన్నావు. తగ్గితే రోగమంటున్నావు. నీకు నచ్చేట్టు ఉండాలంటే నేను మైదాపిండితో పుట్టుండాల్సింది" అన్నాడతను. ఆవిడ మళ్ళీ అడగలేదు. అతని ప్యాంట్ల నడుములు కుట్టుమిషను మీద ఒకదాని తర్వాత ఒకటి బిగించిపెట్టింది. అతను వేసుకున్నాడు, గమనించలేదు. ఇంజనులో వచ్చే చిన్న తేడా కూడా పసిగట్టే చెవికి తన ఒంటి సంగతి మాత్రం వినపడలేదు.

ఫైనలు ఇంకా నాలుగు రోజులుందనగా బండి పూర్తిగా చచ్చింది. చురకయ్య సీట్లో కూర్చుని, బ్రేకు తొక్కి, తాళం తిప్పాడు. గుర్రుమనలేదు, కనీసం టక్కుమనలేదు. మళ్ళీ తిప్పాడు. గోడకి చెప్పుకున్నట్టే ఉంది.

"నిన్న దీన్ని ఎవడు ముట్టుకున్నాడు?" అన్నాడు గేటు వైపు చూస్తూ.

"ఎవరూ ముట్టుకోలేదు బావా" అన్నాడు బస్తా.

"నువ్వు మెలకువగా ఉన్నట్టు సాక్ష్యం ఉందా?"

బానెట్టు లేపాడు. పద్ధతి తెలిసినవాడు కాబట్టి పద్ధతిగానే మొదలుపెట్టాడు. ముందు బ్యాటరీ. టెస్ట్ లైటు పెట్టి చూస్తే బాగానే వెలిగింది. బ్యాటరీ మొనల మీద పచ్చగా పొక్కు కట్టివుంటే వేణ్ణీళ్ళు పోసి, ఉప్పుకాగితంతో గీకి, మెరిసేట్టు తుడిచి బిగించాడు. ఫ్యూజు తీసి వెలుతురుకి పెట్టి చూశాడు, తీగ తెగలేదు. బ్రేకు పెడలు దగ్గర ఒక స్విచ్చి, బ్లేడ్ల లివరు దగ్గర ఒకటి, సీటు కింద ఒకటి. మూడూ సరిగ్గా ఉంటేనే ఆ బండిలో కరెంటు కదులుతుంది. మనిషి సీట్లో లేకుండా బండి పరిగెత్తకూడదని చేసిన ఏర్పాటు అది. పెడలు స్విచ్చి చూశాడు, బాగుంది. లివరుది చూశాడు, బాగుంది. సీటు పైకెత్తి దాని కింది స్విచ్చిని బొటనవేలితో నొక్కాడు. టిక్కుమంది. "నీలో లోపం లేదులే" అని సీటు దించేశాడు.

ఆ తర్వాత స్క్రూడ్రైవరు అడ్డంపెట్టి బ్యాటరీ కరెంటుని నేరుగా సెల్ఫ్ మోటారుకి కలిపాడు. నిప్పురవ్వ ఎగిరింది, మోటారు తిరిగింది, ఇంజను గిరగిరా తిరిగింది గానీ అందుకోలేదు. ప్లగ్గు విప్పి ఇంజను మీద ఆనించి చూశాడు. స్పార్కు లేదు. కొత్త ప్లగ్గు పెట్టాడు. దానికీ లేదు.

"కాయిల్ పోయింది" అని ప్రకటించాడు.

"అయ్యబాబోయ్! ఆదివారానికి అవుతుందా మేస్త్రీ?" అన్నాడు సెక్రటరీ. ఆయన అప్పటికే మూడుసార్లు వచ్చి చూసి వెళ్ళాడు.

"మీరు ఇలా నీడలా నిలబడకపోతే అవుతుంది సార్. ఇంజనుకి కూడా భయమేస్తుంది."

మర్నాడు బజారుకి పోయి కొత్త కాయిలు తెచ్చి బిగించాడు. గాలి ఫిల్టరు దులిపాడు. కార్బురేటరు విప్పి, కడిగి, మళ్ళీ అమర్చాడు. బస్తా అన్నిటికీ స్పానర్లు అందించాడు, అడిగింది ఒకటైతే ఇచ్చింది ఇంకొకటి. "నీ చేతికి స్పానరుకీ చెంచాకీ తేడా తెలియదురా" అని చురకయ్య ప్రతిసారీ అన్నాడు. అంతా బిగించాక సీట్లో కూర్చుని తాళం తిప్పాడు.

బండి ఉలకలేదు, పలకలేదు.

చురకయ్య స్పానరు తీసి గడ్డిలోకి విసిరేశాడు. బస్తా రెండడుగులు వెనక్కి వేశాడు. గొంతు ఎండిపోతోందని చురకయ్య పంపు దగ్గరికి వెళ్ళి, తల వంచి నీళ్ళు తాగడం మొదలుపెట్టాడు.

పొద్దుటినుంచీ నిలబడి కాళ్ళు పీకుతున్నాయి బస్తాకి. చుట్టుపక్కల కూర్చోదగ్గది బండి సీటొక్కటే. ఎక్కి కూర్చున్నాడు. కాళ్ళు చాపుకోబోతే ఒకటి బ్రేకు మీద పడింది. ఎదురుగా తాళం వేలాడుతోంది. తిప్పాడు.

బండి గుర్రుమని అందుకుంది. పొగ వదిలి, ఒళ్ళు విదిలించుకుని, హాయిగా పాడుకుంటున్నట్టు మోగసాగింది.

చురకయ్య నోట్లో నీళ్ళు చొక్కా మీద పోసుకుంటూ పరిగెత్తుకొచ్చాడు.

"ఏం చేశావురా?"

"ఏం చెయ్యలేదు బావా. తాళం తిప్పానంతే."

"దిగు."

బస్తా దిగాడు, ఇంజను ఆగింది. మనిషి దిగితే ఆగడం ఎలాగూ దాని నియమమే. చురకయ్య ఎక్కాడు, బ్రేకు తొక్కాడు, తిప్పాడు. ఊహూఁ. మళ్ళీ బస్తాని ఎక్కించాడు. తిప్పీ తిప్పకముందే అందుకుంది. మళ్ళీ తను ఎక్కాడు. మళ్ళీ మౌనం. ఈలోగా నీళ్ళ పైపులవాడూ, స్కోరుబోర్డు రంగులవాడూ, జీతాల గుమాస్తా పోగయ్యారు. ఇన్నేళ్ళుగా చురకలు తిన్నవాళ్ళు వాళ్ళంతా. ఇంత మంచి వినోదం వాళ్ళకి ఎప్పుడూ దొరకలేదు.

"హస్తవాసండీ, హస్తవాసి" అన్నాడు రంగులవాడు. "కొందరి చెయ్యి అలా ఉంటుంది."

"కొందరి నోరు కూడా అలా ఉంటుంది. బండి అలిగింది" అన్నాడు పైపులవాడు.

"అయ్యబాబోయ్, ఇంకేం! ఇతన్నే కొయ్యమనండి మేస్త్రీ" అన్నాడు సెక్రటరీ.

బస్తా బావ మొహంకేసి చూశాడు. చురకయ్య మొహం కాలిన పెనంలా ఉంది. "కొయ్యరా" అన్నాడు. "గడ్డికి కూడా ఎప్పుడో ఒకప్పుడు కర్మ కాలాలిగా."

బస్తా కోశాడు. ఆ కోత చూడటానికి గట్టి గుండె కావాలి. ఒక వరస గోలుపోస్టు వైపు బయల్దేరి, సగంలో మనసు మార్చుకుని కార్నరు జెండా వైపు పోయింది. రెండో వరస మొదటిదాన్ని వెతుక్కుంటూ వెళ్ళింది. మధ్యలో ఒకచోట గడ్డి జుట్టుముడిలా మిగిలిపోయింది. చురకయ్య గ్యాలరీ మెట్ల మీద కూర్చుని చూశాడు. ఆ మెట్ల మీద కూర్చోవడం అతనికి అదే మొదటిసారి. పైనుంచి చూస్తే గ్రౌండు ఎంత పెద్దగా ఉంటుందో అతనికి తెలియదు. చేతులు ఏం చేసుకోవాలో కూడా తెలియలేదు.

మధ్యాహ్నం భార్య అన్నం క్యారియరు పట్టుకుని వచ్చింది. తమ్ముడు బండి మీద, మొగుడు మెట్ల మీద. విషయం గేటు దగ్గరే ఎవరో ఉప్పూ కారం వేసి చెప్పినట్టున్నారు. ఆవిడ క్యారియరు విప్పి పెట్టి కాసేపు బండివైపే చూసింది. బస్తా గట్టు పక్కన దిగి మళ్ళీ ఎక్కాడు.

"వాడు కూర్చుంటే సీటు కిర్రుమంటోంది" అంది.

"వాడు కూర్చుంటే భూమే కిర్రుమంటుంది."

"ఇదివరకు మీరు కూర్చున్నా కిర్రుమనేది. నేను గేటు దగ్గర ఉండగానే వినపడేది. ఇందాక మీరు ఎక్కినప్పుడు చప్పుడే లేదట, పైపులాయన చెప్పాడు. సీటు కిందకి దిగట్లేదేమోనండీ."

"ఓహో. వంటింటి ఇంజనీరుగారు తేల్చేశారు. ఇక నేను కాయిళ్ళూ కార్బురేటర్లూ పారేసి అప్పడాలు వత్తుకుంటాను."

"వత్తండి. అదైనా చేతనవుతుందేమో చూద్దాం" అని ఆవిడ మజ్జిగ గ్లాసు పక్కన పెట్టి తమ్ముడికి అన్నం పెట్టడానికి వెళ్ళిపోయింది.

చురకయ్య ముద్ద నోట్లో పెట్టుకుని నమలడం మర్చిపోయాడు. బొటనవేలితో నొక్కితే స్విచ్చి టిక్కుమంది నిజమే. కానీ వేలు నొక్కింది స్విచ్చిని. మనిషి నొక్కాల్సింది సీటుని, సీటు కింద స్ప్రింగుని, ఆ తర్వాత స్విచ్చిని. ఆ స్ప్రింగు బండితో వచ్చింది కాదు. కిందటేడు తన బరువుకి పాతది చతికిలబడితే, పాత ఇనుము కొట్లో లారీ సీటుది ఒకటి ఏరి తెచ్చి తనే బిగించాడు. "ఇది నా మనవళ్ళ కాలం దాకా వంగదు" అని అప్పట్లో అందరికీ చెప్పుకున్నాడు కూడా.

అందరూ అన్నాలకి వెళ్ళాక లేచాడు. గీతలు గియ్యడానికి వాడే సున్నం మూట ఒకటి గదిలోంచి ఎత్తుకొచ్చాడు. ఎప్పుడూ ఒంటిచేత్తో భుజాన వేసుకునే మూట అది. ఆ రోజు దారిలో రెండుసార్లు దించి ఊపిరి తీసుకున్నాడు. సీట్లో కూర్చుని మూటని ఒళ్ళోకి లాక్కున్నాడు. కింద స్ప్రింగు కిర్రుమంది. తాళం తిప్పాడు.

బండి అందుకుంది.

లోపం దొరికితే చురకయ్యకి వచ్చే నవ్వు ఒకటుంది, పై పెదవి ఒక పక్కకి లేస్తుంది. అది రాలేదు. ఒళ్ళో పసిపిల్లలా సున్నం మూట పెట్టుకుని, ప్యాంటంతా తెల్లగా, మోగుతున్న బండి మీద కదలకుండా కూర్చున్నాడు. ఎవరో వస్తున్న అలికిడైతే తల తిప్పాడు. భార్య.

ఆవిడ మూటని చూసింది, మనిషిని చూసింది.

"ఇంత బరువు మీ ఒంట్లోంచి ఎప్పుడు దిగిపోయిందండీ?" అంది.

చురకయ్య ఒళ్ళోని మూటకేసి చూశాడు. తాళం తిప్పి ఇంజను ఆపాడు.

"దిగండి" అంది ఆవిడ. "డాక్టరు దగ్గరికి. ఇప్పుడే. వెటకారం చెయ్యాలనిపిస్తే దారి పొడుగునా చెయ్యండి, నడవడం మాత్రం ఆపకండి."

దవాఖానాలో డాక్టరమ్మ వయసులో చిన్నది, గొంతులో పెద్దది. రక్తం తీయించింది, బరువు చూసింది, నాలుక చూసింది. కాగితం రాగానే కళ్ళజోడు పైకి నెట్టుకుంది.

"షుగరు ఆకాశంలో ఉంది. ఇన్ని నెలలు ఎలా తిరిగారండీ?"

"తిరగలేదమ్మా. బండి మీద కూర్చుని వెళ్ళాను."

"ఏం బండి?"

భార్య కథంతా చెప్పింది, స్ప్రింగుతో సహా. చురకయ్య ఆపబోయాడు గానీ ఆవిడకి ఆ రోజు బ్రేకుల్లేవు. డాక్టరమ్మ అంతా విని, "ఆ బండికి మీకన్నా బుద్ధుంది. బాగాలేదని తెలియగానే ఆగిపోయింది" అంది. చురకయ్యకి ఇంత సూటిగా చురక అంటించినవాళ్ళు అప్పటిదాకా లేరు. మంట ఎలా ఉంటుందో తెలిసింది.

మాత్రలతో లొంగేది కాదు, కొన్నాళ్ళు ఇన్సులిన్ తప్పదన్నారు. తిరుగుతున్న ఇంజను పక్కన చెయ్యి పెట్టడానికి జంకని మనిషి ఆ సన్నటి సూదిని చూసి గోడవైపు తిరిగి కళ్ళు మూసుకున్నాడు. భార్య పొట్ట దగ్గర చర్మం పట్టుకుని పొడిచింది.

"అయిపోయిందా?"

"ఎప్పుడో. మీ నాలుక పదునులో దీనికి పావు వంతు లేదు, ఊరికే భయపడ్డారు."

కుదుటపడేదాకా బండి ఎక్కొద్దంది డాక్టరమ్మ. ఆదివారం ఫైనలు బస్తా కోసిన వంకర వరసల మీదే జరిగింది. బంతి ఆ జుట్టుముడి దగ్గర రెండుసార్లు దారి మర్చిపోయింది. సెక్రటరీ ఆ రెండుసార్లూ కళ్ళు మూసుకున్నాడు. మ్యాచయ్యాక, "ఇంతకీ బండికి ఏమైంది మేస్త్రీ?" అని అడిగాడు.

"సీటు స్ప్రింగు గట్టిది పడింది సార్."

"ఎవరు వేశారట?"

"ఒక తెలివిగలవాడు" అన్నాడు చురకయ్య. గుమాస్తా పక్కకి తిరిగి దగ్గాడు.

కంపెనీ స్ప్రింగు తెప్పించి, చురకయ్యే బిగించాడు. బిగించి, బస్తాని ఎక్కించి, భార్యని ఎక్కించి, చివరికి సెక్రటరీని బతిమాలి ఆయన్ని కూడా ఎక్కించి చూశాడు. ఎవరు తిప్పినా అందుకుంది. "అయ్యబాబోయ్, పోతుంది, పోతుంది" అంటూ సెక్రటరీ ఒక్క దూకు దూకాడు, ఇంజను ఆగింది.

ఇక బస్తా గడ్డి కొయ్యాలి, చురకయ్య పక్కన నడుస్తూ నేర్పాలి. నెలరోజులు ఆ గ్రౌండు అరుపులతో మోగిపోయింది. నడవడం అతని షుగరుకి మంచిదని డాక్టరమ్మ చెప్పింది. అరవడం గురించి ఎవరూ ఏమీ చెప్పలేదు.

"చక్రం వైపు చూడకురా, ఎదురుగా గోలుపోస్టు వైపు చూడు! అది పారిపోదు, నీలా అన్నానికి వెళ్ళదు!"

బస్తా చూసేవాడు. పది గజాలు తిన్నగా పోయి, బావ అరుపుకి ఉలిక్కిపడి పక్కకి లాగేసేవాడు.

ఒకరోజు పొద్దున వరస మరీ వంకర పోయింది. చురకయ్య రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నాడు. "ఒరేయ్, పాము కూడా నీకన్నా తిన్నగా పోతుందిరా!"

బస్తా బ్రేకు తొక్కాడు. చెమట తుడుచుకుని, ఎప్పటిలాగే మెత్తగా నవ్వి, "పాము పక్కన బావ నడవడు కదా బావా" అన్నాడు.

గ్యాలరీ మెట్ల మీంచి భార్య నవ్వు గట్టిగా వినపడింది. చురకయ్య "సరే, పోనీ" అని గొణిగి, తడపాల్సిన చోటు ఏదో గుర్తొచ్చినట్టు పైపు పట్టుకుని అవతలి గట్టువైపు నడిచాడు. ఆ వరస చివరిదాకా తిన్నగా వెళ్ళింది.